మా యారాలు పెట్టిన మరక

పోయిన నెల ఒక ఉదయం సిరొంచ నుంచి మా పెద్ద యారాలి కొడుకు ఫోన్ చేశాడు. మా వైపు తోటికోడల్ని యారాలు అంటాం. "చిన్నమ్మా, అమ్మ పోయింది" అన్నాడు. పొద్దున చాయ్ తాగిందట, గ్లాసు పక్కన పెట్టిందట, గోడకు ఒరిగిందట. కాసేపటికి పిలిస్తే పలకలేదట.

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో మీకు చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. "గ్లాసు ఏడ వెట్టిందిరా?" అని అడిగాను.

వాడు ఏడుస్తూనే, "నేల మీదనే వెట్టింది చిన్నమ్మా. ఇంకేడ వెడ్తది?" అన్నాడు. ఆ తర్వాత ఫోన్లో ఇద్దరం నవ్వామో ఏడ్చామో నాకు సరిగా గుర్తులేదు. రెండూ చేసి ఉంటాం.

నేను ఎనభైల మొదట్లో చెన్నూరు నుంచి ప్రాణహిత దాటి, మరాఠీ సర్కారు కిందికి వచ్చే సిరొంచలోని ఆ ఇంటికి చిన్న కోడలిగా వెళ్లాను. అత్తగారు అప్పటికే లేరు. మా ఆయన పొలం చూసుకునేవారు, బావగారు కలప డిపోలో గుమాస్తా. ఇంటి పెత్తనమంతా యారాలిది. నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. మొదటి రోజు పడవ దిగి ఇంటికి చేరేసరికి ఆమె గుమ్మంలో హారతి పళ్లెంతో నిలబడి ఉంది. పళ్లెం నా ముఖం ముందు తిప్పుతోంది కానీ, చూపు మాత్రం నా వెనక మనిషి నెత్తి మీద వస్తున్న టీపాయి మీద ఉంది. అది మా అన్న నాకు పెళ్లికి ఇచ్చిన కానుక. పైన నున్నటి మైకా అంటించి ఉంటుంది.

"గదేంది పిల్లా? కట్టెనా, కాయిదమా?" అంది, హారతి ఆపకుండానే.

"కట్టెనే అక్కా. పైన మైకా వేసిన్రు."

"గట్లనా. దాని మీద ఏమేస్తరు?"

"చాయ్ గ్లాసులు, పుస్తకాలు, అట్లాంటియి..."

హారతి ఆగిపోయింది. "అది గాదు. ఏమేసి తుడుస్తరు అంటున్న" అంది. నాకు తెలియదన్నాను. ఆమె నిట్టూర్చి, నన్ను కుడికాలు పెట్టి లోపలికి రమ్మంది. టీపాయిని మాత్రం వాకిట్లోనే ఆపి, తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచాకే గడప దాటనిచ్చింది.

ఆ ఇంట్లో నా టీపాయి కాక ఇంకా నాలుగు ఉండేవి. ఆమె పెళ్లికి వాళ్ల నాన్న చేయించిన టేకు టీపాయి, పైన అద్దం పరిచినది ఒకటి, మడత పెట్టే ఇనుప బల్ల, జింగనూరు దిక్కు నుంచి సంతకు వచ్చే ఒక అవ్వ ఆమె మీద ఇష్టంతో అల్లించి తెచ్చిన వెదురు బల్ల. ఒక్కోదానికి ఒక్కో సేవ. టేకుకు అవిసె నూనె. అది కూడా కట్టె చార ఎటు పోతే చెయ్యి అటే పోవాలి. వెదురును ఉప్పు నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఇనుపదానికి వానాకాలం ముందు ఉప్పుకాగితం పట్టి, తుప్పు రాల్చి, రంగు వెయ్యాలి. అద్దానికి తడిపిన వార్తాపత్రిక. బావగారికి వచ్చే మరాఠీ పేపరు ఆయన చదివాక అద్దం దగ్గరికి వెళ్లాలని నియమం ఉన్నా, ఆయన స్నానానికి వెళ్లి వచ్చేలోపు ఎన్నోసార్లు మొదటి పేజీ తడిసిపోయేది. దేశంలో ఏం జరిగిందో ఆయన డిపోకు వెళ్లి తెలుసుకునేవారు.

"ఒక్కో సామానుకు ఒక్కో గుణం ఉంటది పిల్లా" అని నాకు నేర్పేది. "కట్టెకు దూప ఎక్కువ, నూనె తాపాలె. ఇనుముకు నీళ్లంటె భయం. వెదురు చిన్నపిల్ల లెక్క, జర ఎండ తగిలినా ముడుసుకుంటది. నీ మైకా ఉన్నది సూడు, దానికి సిగ్గు లేదు. ఏం పోసినా తుడుస్తె పోతది." నా టీపాయి గురించి ఆ ఇంట్లో ఎవరూ అంతకంటే మంచి మాట చెప్పలేదు.

తుడిచే గుడ్డలు కూడా వేరువేరు. అన్నిటికంటే మెత్తనివి బావగారి బనియన్లు. దండెం మీద ఆరేసిన బనియన్ పాతబడిందో లేదో తేల్చేది ఆమే. ఆ విషయంలో ఆయన అభిప్రాయం అడిగినట్టు నేను చూడలేదు.

ఇంత సేవ చేసినా ఆ బల్లల మీద ఎవరూ ఏమీ పెట్టకూడదు. చాయ్ ఇస్తే గ్లాసు చేతిలోనే ఉండాలి. తాగాక నేల మీద పెట్టాలి. బామ్ని నుంచి మా ఆయన మేనమామ వచ్చినప్పుడల్లా ఒక చేత్తో చాయ్ గ్లాసు, ఇంకో చేత్తో నీళ్ల చెంబు పట్టుకుని కూర్చునేవాడు. ముక్కు మీద ఈగ వాలితే తల ఊపేవాడు. ఒకసారి ఓపిక పోయి అడిగాడు.

"ఏమే కోడలా, ఇన్ని టేబుళ్లు వెట్టుకున్నవ్. దేనికే ఇవి?"

"సూసేటందుకు మామా."

"సూసేటందుకా?"

"గుడిల దేవుడున్నడు. ఆయన నెత్తి మీద గ్లాసు వెడ్తవా?"

మామ చెంబులో నీళ్లు తాగేసి, చెంబును నేల మీద పెట్టాడు. కనీసం ఒక చెయ్యి ఖాళీ అయింది.

నేను వెళ్లిన రెండో ఏడో, మూడో ఏడో, పక్కనున్న సర్కారు క్వార్టర్లోకి వార్ధా వైపు నుంచి ఒక మరాఠీ సాహెబు బదిలీ మీద వచ్చాడు. కొత్తగా పెళ్లయింది. ఆయన భార్యను మేము బాయి అనేవాళ్లం. సామాను దించుతుంటే మా యారాలు ప్రహరీ దగ్గరే నిలబడింది. గుండ్రటి పాలరాతి పలక, కింద ఇనుప కాళ్లు ఉన్న చిన్న బల్ల ఒకటి దిగింది. "పాలరాయి పిల్లా! పాలరాయి!" అని నా చెయ్యి గిల్లింది. ఆ సాయంత్రమే కూర గిన్నె వంకతో వాళ్లింటికి వెళ్లింది.

బాయికి తెలుగు ఒక్క ముక్క రాదు. మా యారాలి మరాఠీ సంతలో బేరానికి సరిపోయేంత. అయినా ఇద్దరికీ ఎట్లాగో కుదిరింది. ఈమె అవిసె నూనె సీసా తీసుకెళ్లి చూపిస్తే బాయి ముక్కు మూసుకుని "నకో తాయీ, నకో" అనేది. వద్దక్కా అని. ఈమె వాళ్ల కిటికీ అద్దాలు పేపరుతో తుడిచి చూపిస్తే చప్పట్లు కొట్టేది. అమ్మ లేని పిల్ల, తెలియని ఊరు, మాట తెలిసినవాళ్లు లేరు. రోజుకొకసారైనా ప్రహరీ దగ్గర నిలబడి "తాయీ" అని పిలిచేది. ఆ పిలుపు వింటే మా యారాలు పొయ్యి మీద పాలు కూడా నాకు వదిలేసి వెళ్లేది.

అంతా బాగానే ఉంది కానీ, ఆ తెల్లటి రాతి మీద ఒక పక్కగా కప్పు అడుగంత గోధుమరంగు వలయం ఒకటి ఉండేది. ఎప్పటిదో చాయ్ మరక. మా యారాలికి అది కంట్లో నలుసైంది. అన్నం తింటూ కూడా అదే మాట.

"గంత సాఫుగుంటది బాయి. గా మరకనెట్ల సూస్తది పిల్లా? నాకైతె ఆడ కూసుంటె పానం గుంజుతది."

ఆ దీపావళికి సాహెబు, బాయి వార్ధా వెళ్తూ, తులసికి నీళ్లు పొయ్యమని తాళంచెవి ఆమెకు ఇచ్చారు. వాళ్లు వచ్చే ముందు రోజు ఆమె ఒక చేత్తో నీళ్ల బిందె, ఇంకో చేత్తో నానబెట్టిన చింతపండు పట్టుకుని బయలుదేరింది. నేనూ వెనకే వెళ్లాను.

"ఇత్తడి బిందెకు పట్టిన చిలుమే పోతది. చాయ్ మరకెంత? బాయి వచ్చి సూసి మురిసిపోవాలె" అంది.

మరక పోయింది. దానితో పాటు రాతి మెరుపూ పోయింది. చింతపండు పులుసు ఎంత మేర పాకిందో అంత మేర పౌడరు రాసినట్టు గరుకుగా పాలిపోయింది. ఆరితే సరిపోతుందని కొంగుతో విసిరింది. ఆరాక ఇంకా బాగా కనబడింది. బూడిద పెట్టి రుద్దింది. పాలిపోయిన చోటు ఇంకింత పెద్దదైంది. అప్పుడు ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆమె ముఖంలో అంత భయం నేను అంతకుముందు చూడలేదు.

దాచే మనిషి కాదు. మర్నాడు బాయి రిక్షా దిగగానే ఎదురెళ్లి, చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకెళ్లింది. "నేనే చేసిన బాయీ. నువ్వు మురుస్తవని చేసిన" అంది. బాయి అరవలేదు. ఆ వలయం ఉన్నచోట వేలితో మెల్లగా గుండ్రంగా రాసింది. "ఆయీచా కప్" అంది, అమ్మ కప్పని. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

సాహెబు బావగారికి చెప్పాడు, బావగారు మాకు చెప్పారు. "అది మురికి గాదట. ఆ టేబుల్ బాయి వాళ్లమ్మది. ఆమె రోజూ ఆడనే కప్పు వెట్టుకొని చాయ్ తాగేదట. ఆమె పోయినంక ఈ పిల్ల ఆ గుర్తును ఎవ్వలను తుడవనియ్యలేదట."

మా యారాలు వచ్చి పొయ్యి ముందు కూర్చుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో బల్లలు తుడవడం ఆగిపోయింది. అద్దం మీద దుమ్ము చేరింది. వెదురు బల్ల కింద సాలీడు గూడు కట్టింది. బావగారు వరసగా పేపరంతా చదువుతున్నారు, కానీ ఆయన ముఖంలో సుఖం లేదు. ఒకరోజు ఆయన ధైర్యం చేసి, అడుగు తడిసి ఉన్న నీళ్ల గ్లాసును తీసుకెళ్లి టేకు టీపాయి నడుమ పెట్టారు. పెట్టి, ఊపిరి బిగబట్టుకుని, ఆమె వైపు ఓరగా చూశారు. ఆమె గ్లాసును చూసింది, ఆయన్ని చూసింది, లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

బావగారు చటుక్కున గ్లాసు తీసేసి నా దగ్గరికి వచ్చారు. "అమ్మా, మీ అక్కకు పానం బాగలేనట్టున్నది. డాక్టరును పిలువాల్నా?" అన్నారు.

మంచిర్యాలలో కొత్త ఇళ్ల గచ్చుకు పాలిష్ పట్టే మిస్త్రీలు ఉన్నారని మా అన్న ఒకసారి చెప్పిన సంగతి నాకు గుర్తొచ్చింది. ఆ మాట చెప్పగానే ఆమె లేచి నిలబడింది. బాయి ఇంకా బయటికి రావడం లేదు. సాహెబే మరలు విప్పి పలక ఇచ్చాడు. పాతగుడ్డలో చుడితే ఇసుక రేణువు గీసుకుంటుందని, మా యారాలు పెట్టెలో నుంచి కట్టని ఎర్రచీర తీసింది. దానిలో చుట్టి, పైన బొంత కట్టి, బావగారిని డిపోకు సెలవు పెట్టించి, ముగ్గురం ప్రాణహిత రేవుకు వెళ్లాం.

పడవలో ఆమె పలకను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. కాళ్లు తిమ్మిరెక్కినా ఎవరికీ ఇవ్వదు. బొంత జారి ఎర్రచీర బయటపడింది. ఎదురుగా కూర్చున్న ముసలామె చాలాసేపు చూసి ముందుకు వంగింది.

"రాయేనా బిడ్డా?"

"రాయే."

"ఏం రాయి?"

"పాలరాయి."

ముసలామె రెండు చేతులూ జోడించింది. "ఏడ నిలవెడ్తున్నరు తల్లీ?"

"ఇప్పుడైతె మంచిర్యాలకు తీస్కపోతున్నం. ఆడ సాఫు చేపిచ్చినంక, మళ్ల సిరొంచల్నే నిలవెడ్తం" అంది మా యారాలు, ఉన్నది ఉన్నట్టే.

క్షణంలో పడవంతా సర్దుకుంది. చెప్పులున్నవాళ్లు విప్పారు. ఒకతను బీడీ నీళ్లలో పారేశాడు. ఒకామె నా ఒళ్లో అరటిపళ్లు పెట్టింది. నేను వద్దనేలోపే ముసలామె కొంగుముడి విప్పి, చిటికెడు పసుపు తీసి, పలక మీదికి చెయ్యి చాపింది.

"పసుపు వెట్టకు! పసుపు వెట్టకు! మరక వడ్తది!" అని మా యారాలు పెట్టిన కేకకు పడవ ఒక పక్కకు ఒరిగింది.

అందరూ నోళ్లు తెరిచి చూశారు. పడవ నడిపేవాడు తెడ్డు ఆపి, "పసుపు వద్దనే అమ్మవారేందయ్యా? నేనేడ సూడలే" అన్నాడు అనుమానంగా.

బావగారు అప్పటిదాకా నీళ్లను చూస్తూ కూర్చున్నారు. గొంతు సవరించుకుని, చాలా గంభీరంగా, "ఈమె మరాఠీ అమ్మవారు. తీరు వేరే ఉంటది" అన్నారు.

ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. పడవ కదిలింది. అరటిపళ్లు బస్సులో తిన్నాం.

మంచిర్యాలలో మిస్త్రీ సానరాయి పెట్టి, నీళ్లు చల్లుకుంటూ అరగదీశాడు. పలక అద్దంలా తయారైంది. మా యారాలు దాని మీదికి వంగి వంగి చూసి, "అన్నా, ఈ పక్క ఒక చాయ్ మరకుండె. అది మళ్ల తేవచ్చునా?" అని అడిగింది.

అతను చేతులు తుడుచుకుంటూ ఆమెను ఎగాదిగా చూశాడు. "అమ్మా, నా తానికి అందరు మరక తియ్యమని వస్తరు. తెమ్మన్నోళ్లు ఇప్పటిదాంక రాలే" అన్నాడు.

తిరుగు పడవలో ఆమె చీర మీది నుంచే ఆ పక్కను వేలితో తడుముతూ కూర్చుంది.

బల్లను మళ్లీ బిగించాక బాయి బయటికి వచ్చింది. చేత్తో నిమిరింది. "ఛాన్" అంది, బాగుందని. మర్యాదకు అన్న మాట అని మాకు తెలుస్తూనే ఉంది. సాహెబు మాకు కుర్చీలు వేశాడు. మా యారాలు కూర్చోలేదు. సరాసరి మా ఇంటికి వెళ్లి, చాయ్ నల్లబడేదాకా మరిగించి, అంచుల మీదుగా కారేటట్టు కప్పులో పోసి, సాసరు లేకుండా తెచ్చింది. తెచ్చి ఆ మెరిసే రాతి మీద, పాత వలయం ఉన్న చోటే పెట్టింది.

"ఏం జేస్తున్నవక్కా?" అన్నాను భయంగా.

"మరక వెడ్తున్న. నువ్వు జర నోర్ముయ్."

అందరం కప్పును చూస్తూ కూర్చున్నాం. చాయ్ చల్లబడింది. ఆమె మెల్లగా కప్పు ఎత్తింది. తడి వలయం ఉంది. వేలితో రాసి చూసింది. మొత్తం పోయింది. కొత్తగా పాలిష్ పట్టిన రాయి ఒక్క చుక్కను కూడా పట్టుకోలేదు.

"సూడు దీని కావురం!" అంది మా యారాలు, ఏడుపూ కోపమూ కలిసి. "వద్దన్నప్పుడు వడ్తది. గావాలంటె వట్టదు! బాయీ, నువ్వు పరేషాన్ గాకు. నేను రోజూ వస్త. ఎట్ల వట్టదో నేనూ సూస్త!"

బాయికి ఆ మాటలు ఎంత అర్థమయ్యాయో తెలియదు. ఆ నల్లటి చాయ్‌నూ, కొంగు నడుముకు దోపుకుని రాయితో పోట్లాడుతున్న ఈ మనిషినీ మార్చి మార్చి చూసింది. ఉన్నట్టుండి నవ్వు మొదలైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. నవ్వి నవ్వి ఏడ్చింది. తర్వాత లేచి లోపలి నుంచి ఇంకో కప్పు తెచ్చి, ఆ చల్లారిన చాయ్‌లో సగం తనకు పోసుకుని, దాన్ని కూడా సాసరు లేకుండా బల్ల మీద పెట్టింది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం పొద్దు వాలాక ఇద్దరూ అక్కడే చాయ్ తాగేవాళ్లు. మరుసటి వానాకాలం వెళ్లేసరికి రాయి మెత్తబడింది. లేత గోధుమరంగులో ఒక వలయం, దాని పక్కనే ఇంకొకటి. మా యారాలు వచ్చిన చుట్టాలందర్నీ పక్కింటికి తీసుకెళ్లి, "గది నేను వెట్టిందే" అని చూపించేది. బామ్ని మామను కూడా తీసుకెళ్లింది. ఆయన ఆశగా, "అయితె ఇగ మనింట్ల సుత గ్లాసు వెట్టుకోవచ్చునా?" అన్నాడు.

"గది ఆ ఇంటి ఆచారం మామా. మనింట్ల నడువది."

సాహెబుకు బదిలీ అయినప్పుడు ఆ బల్లను లారీ ఎక్కించేముందు చుట్టింది ఆమే. లారీ మలుపు తిరిగేదాకా రోడ్డు మీద నిలబడి, "హళూ! హళూ!" అని, మెల్లగా పొమ్మని, డ్రైవరుకు అరుస్తూనే ఉంది. కొన్నేళ్ల కిందట బాయి ఫోన్ చేసిందట. కూతురు ఆ బల్లకు పాలిష్ పట్టిద్దామంటే తాను "నకో" అన్నానని చెప్పిందట. ఆ కబురు నాకు చెప్పేటప్పుడు మా యారాలి గొంతులో పిల్లలు మెట్రిక్ పాసయినప్పుడు కూడా వినబడనంత గర్వం వినిపించింది.

ఆమె మారిపోయిందని చెప్పలేను. చివరిదాకా ఆ బల్లల మీద ఒక్క గ్లాసు పెట్టనివ్వలేదు. కానీ పరాయి ఇంట్లో ఏ మరక కనబడినా, గుడ్డ అందుకునే ముందు "ఇది ఎవ్వలిది?" అని అడగడం మాత్రం అప్పటి నుంచి మొదలైంది.

నాకు ఆ అలవాటు వల్ల ఒక మేలు జరిగింది. మా నాన్న పోయినప్పుడు ఆమె నాతో చెన్నూరు వచ్చింది. నాన్న మంచం పక్క గోడకు, ఆయన రోజూ తల ఆనించే చోట, నూనె మరక నల్లగా ఉండేది. దినాలకు ముందు ఇంటికి సున్నం వేయించాలని మా వదిన మనిషిని పిలిపించింది. అతను కుంచె ముంచాడు కూడా. మా యారాలు గోడకు అడ్డంగా నిలబడి, "జర ఆగు తమ్మీ. ముందుగాల ఈ పిల్లనడుగుండ్రి" అంది. ఆ క్షణందాకా ఆ గోడ నాకేమవుతుందో నాకే తెలియదు. ఇప్పటికీ ఆ గది నాలుగు గోడల్లో మూడింటికే సున్నం వేస్తారు.

మా యారాలి దినాలకు సిరొంచ వెళ్లాను. చుట్టాలంతా భోంచేసి, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పిల్లలు పందిరి విప్పుతున్నారు. నేను ప్రయాణానికి సంచి సర్దుకుని, చెప్పి వెళ్దామని ముందు గదిలోకి వెళ్లాను. బావగారు ఒక్కరే టేకు టీపాయి ముందు చాప మీద కూర్చుని ఉన్నారు. చేతిలో అవిసె నూనె సీసా. గుడ్డ మీద వేసుకోవాలని ఆయనకు తెలియదు. నేరుగా కట్టె మీదనే ఒంపేశారు, అదీ చాలా ఎక్కువ. దాన్ని చార ఎటుందో చూడకుండా అడ్డంగా రుద్దుతున్నారు.

కొంచెంసేపు రుద్ది, చెయ్యి ఆపి, వంటింటి గుమ్మం వైపు తల తిప్పారు. అట్లాగే చూస్తూ ఉండిపోయారు. లోపలి నుంచి ఎవరూ ఏమీ అనలేదు. నూనె మెల్లగా అంచు దాకా పాకింది. ఆయన అది చూసి, గబుక్కున అంచు కింద అరచెయ్యి పట్టారు.